నిద్ర మాత్రల సీసాను ఎలా చదవాలి: చీటీ లేకుండా దొరికే సప్లిమెంట్లలో పదార్థాలను, భద్రతను పరిశీలించే పద్ధతి

మా నాన్నగారికి 74 ఏళ్లు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని ఫోనులో అంటుంటే విని, అమెరికా నుంచి సెలవులకు వచ్చిన తమ్ముడు ఒక సీసా తెచ్చి ఇచ్చాడు. అక్కడ కూరగాయలు కొనే దుకాణంలోనే డాక్టరు చీటీ లేకుండా దొరికే మాత్రలవి. పడుకునే ముందు రెండేసి వేసుకున్నారు. మొదటి రాత్రి హాయిగా నిద్రపోయారు. మూడో రోజు తెల్లవారుజామున మూత్రం ఆగిపోయింది. పొత్తికడుపు ఉబ్బిపోయి, నొప్పితో మెలికలు తిరుగుతుంటే ఆసుపత్రికి పరుగెత్తాం. గొట్టం వేశాక గాని ఆయన ప్రాణం కుదుటపడలేదు. "కొత్తగా ఏదైనా మందు వాడారా?" అని డాక్టరు అడిగితే ముగ్గురం ఒకే మాట చెప్పాం: "లేదండీ." అబద్ధం చెప్పాలని కాదు. నిద్ర కోసం వేసుకున్నది కూడా మందేనన్న ఆలోచన మాలో ఒక్కరికీ రాలేదు.

ఇంటికొచ్చాక ఆ సీసా తిప్పి చూశాను. ఒక్కో మాత్రలో డైఫెన్‌హైడ్రమిన్ 25 మి.గ్రా., అసిటమినోఫెన్ 500 మి.గ్రా. మొదటిది పాతకాలపు అలర్జీ మందు. మత్తు దాని దుష్ప్రభావం, ఆ దుష్ప్రభావాన్నే నిద్ర పేరుతో అమ్ముతున్నారు. ప్రోస్టేట్ గ్రంథి పెరిగిన మగవాళ్లలో అది మూత్రాన్ని బిగబట్టేస్తుంది. మా నాన్నగారికి ఆ గ్రంథి పెరిగి ఐదేళ్లు. రెండో పదార్థం మరేదో కాదు, మనం రోజూ వినే పారాసెటమాలే. అమెరికాలో దాన్ని అసిటమినోఫెన్ అంటారు. మోకాళ్ల నొప్పులకు ఆయన అప్పటికే రోజుకు మూడు 650 మాత్రలు వేసుకుంటున్నారు. ఆ 1,950 మి.గ్రాములకు ఈ రెండు మాత్రల 1,000 మి.గ్రా. తోడై, తెలియకుండానే దాదాపు 3 గ్రాములకు చేరింది.

చదివితే రెండు నిమిషాల్లో తెలిసే సంగతులివి. ఆ రెండు నిమిషాలు ఎక్కడ, ఎలా పెట్టాలో అడుగడుగునా చెప్పాలన్నదే నా ప్రయత్నం.

మొదటి అడుగు: సీసా కంటే ముందు నిద్రలేమిని చూడండి

ఒక కాగితం మీద మూడు ప్రశ్నలకు జవాబులు రాయండి. పక్క ఎక్కాక నిద్ర పట్టడం లేదా, నడిరాత్రి మెలకువ వస్తోందా, తెల్లవారుజామున మూడింటికే కళ్లు తెరుచుకుంటున్నాయా? వారంలో ఎన్ని రాత్రులు? ఎన్నాళ్ల నుంచి? ఇది తెలియకుండా ఏ పదార్థం పనికొస్తుందో ఎవరూ చెప్పలేరు. ఉదాహరణకు మామూలు మెలటోనిన్ మాత్ర రక్తంలో ఒక గంటలోపే సగానికి తగ్గిపోతుంది. పడుకోగానే నిద్ర రానివారికి అది కాస్త సాయపడవచ్చు గాని, రాత్రి రెండింటికి లేచి కూర్చునేవారికి అప్పటికి అందులో మిగిలేది తక్కువ.

వారానికి మూడు రాత్రులు, మూడు నెలలకు మించి ఇలాగే సాగుతుంటే అది దీర్ఘకాలిక నిద్రలేమి. దానికి మొదటి చికిత్స మాత్ర కాదు, నిద్ర అలవాట్లను, పడక గురించిన భయాలను పద్ధతిగా మార్చే ప్రవర్తనా చికిత్స అని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే స్పష్టంగా చెప్పింది. గట్టి గురక, గురక మధ్యలో ఊపిరి ఆగినట్టు అవడం, పగలంతా కునుకుపాట్లు ఉంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. అలాంటివారికి మత్తు మందులు కీడు చేస్తాయి. పడుకున్నప్పుడు కాళ్లు కుదురుగా ఉండనీయకపోతే ఐరన్ లోపం ఉందేమో పరీక్ష చేయించాలి. మూత్రం ఎక్కువగా వచ్చేలా చేసే బీపీ మాత్ర రాత్రిపూట వేసుకుంటున్నారేమో చూడండి, వేళ మార్చుకోవచ్చేమో డాక్టరునే అడగండి. సాయంత్రం ఆరు తర్వాత తాగే టీ, కాఫీల సంగతి అందరికీ తెలిసిందే. నిద్ర లేకపోవడం వెనుక దిగులు, ఆందోళన ఉంటే 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలీ మానస్ సలహాదారులు తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు.

ఇవన్నీ దాటాక కూడా సీసా కొనాలనిపిస్తే రెండో అడుగు వేద్దాం.

రెండో అడుగు: అది ఏ జాతిదో తేల్చుకోండి

ఒకే అరలో, ఒకే నీలం రంగు చందమామ బొమ్మతో పక్కపక్కనే ఉన్న డబ్బాలు చట్టం దృష్టిలో పూర్తిగా వేర్వేరు వస్తువులు.

డబ్బా మీద ఆహార భద్రతను చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ గుర్తు, 14 అంకెల లైసెన్సు నంబరు ఉంటే అది ఆహార చట్టం కిందికి వచ్చే సప్లిమెంట్. "హెల్త్ సప్లిమెంట్" లేదా "న్యూట్రాస్యూటికల్" అన్న మాటతోపాటు, వైద్యానికి వాడేది కాదన్న హెచ్చరిక కూడా ఉండాలి. ముందు భాగంలో గాఢనిద్ర అని పెద్ద అక్షరాలు, వెనుక ఈ హెచ్చరిక చిన్న అక్షరాలు. నా దృష్టిలో ఆ చిన్న అక్షరాలే సీసా మొత్తం మీద అత్యంత నిజాయతీ గల వాక్యం. ఆ 14 అంకెలను ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫోస్కోస్ వెబ్‌సైట్‌లో కొడితే ఏ సంస్థకు లైసెన్సు ఇచ్చారో, అది ఇంకా చెల్లుతోందో కనిపిస్తుంది. డబ్బా మీది పేరుకు, అక్కడి పేరుకు పొంతన లేకపోతే కొనకండి. అన్నీ సరిపోయినా ఒక్క మాట గుర్తుంచుకోవాలి. తయారీకి అనుమతి ఉందనే ఆ నంబరు చెబుతుంది, నిద్ర పట్టిస్తుందని చెప్పదు.

ఆయుర్వేద మందు అయితే ఆ మాట డబ్బా మీద రాసి, ఔషధ తయారీ లైసెన్సు నంబరు వేస్తారు. మూడో రకం అల్లోపతి మందులు. అల్ప్రాజోలం, డైజిపామ్, జోల్పిడెమ్ వంటి నిద్ర, ఆందోళన మందులు 2014 మార్చి నుంచి షెడ్యూల్ హెచ్1 అనే కట్టుదిట్టమైన జాబితాలో ఉన్నాయి. పట్టీ మీద ఎర్ర గీతల పెట్టెలో హెచ్చరిక ఉంటుంది. చీటీ లేకుండా అమ్మకూడదు. డాక్టరు పేరు, రోగి పేరు దుకాణదారుడు వేరే పుస్తకంలో రాసి మూడేళ్లు దాచాలి. తెలిసిన దుకాణమని అడగ్గానే చేతిలో పెట్టినంత మాత్రాన అది సప్లిమెంట్ అయిపోదు.

ఇక లేబులే లేని రకం. సంతలో, బస్టాండు పక్కన, వాట్సాప్‌లో అమ్మే "మూలికా చూర్ణం". వేసుకున్న అరగంటలో ఒళ్లు తెలియని నిద్ర వస్తే సంతోషించకండి, అనుమానించండి. మూలికలు అంత దెబ్బతో పనిచేయవు. తెలంగాణలో కల్లులో అల్ప్రాజోలం, డైజిపామ్, క్లోరల్ హైడ్రేట్ కలిపి అమ్మిన చరిత్ర మనకు తెలుసు. 2015లో కల్తీ కల్లుపై దాడులు పెరిగి సరఫరా ఆగగానే, దానికి అలవాటుపడిన వందల మంది వణుకు, మూర్ఛ, పిచ్చిచూపులతో ఆసుపత్రుల పాలయ్యారు. తాము తాగుతున్నది నిద్రమాత్రల నీళ్లని వాళ్లలో చాలామందికి తెలియనే తెలియదు.

అమెరికా నుంచి వచ్చే సీసాల సంగతి వేరు. అక్కడ 1994 నాటి చట్టం ప్రకారం సప్లిమెంట్‌ను అమ్మే ముందు అది సురక్షితమనో, పనిచేస్తుందనో ప్రభుత్వ ఆమోదం తీసుకోనక్కర్లేదు. అదే మెలటోనిన్ బ్రిటన్‌లో డాక్టరు చీటీ ఉంటేనే ఇస్తారు. ఒక దేశంలో మిఠాయిల పక్కన, మరో దేశంలో తాళం వేసిన బీరువాలో ఉండే పదార్థమది. "అక్కడ అందరూ వాడుతున్నారు" అన్న మాటకు విలువ ఎంతో దీన్నిబట్టి మీరే అంచనా వేసుకోండి.

మూడో అడుగు: సీసా తిప్పి అంకెలు చదవండి

ముందు చూడాల్సింది "సర్వింగ్ సైజు", అంటే ఒకసారికి వేసుకోవాల్సిన మోతాదు. డబ్బా ముందు 10 మి.గ్రా. అని ఉంటుంది. అది ఒక గమ్మీలోనా (జెల్లీ మిఠాయిలా నమిలే మాత్ర), రెండింటిలోనా అన్నది వెనకాల ఉంటుంది. మధుమేహం ఉన్నవారు గమ్మీలో చక్కెర ఎంతో కూడా అక్కడే చూసుకోవాలి.

రెండోది, "ప్రొప్రైటరీ బ్లెండ్" అన్న మాట. ఐదారు మూలికల పేర్లు రాసి, అన్నీ కలిపి 600 మి.గ్రా. అని ఒకే అంకె వేస్తారు. ఏది ఎంతో చెప్పరు. కూరలో ఏముందో చెప్పి ఉప్పెంతో, విషమెంతో చెప్పకపోవడం లాంటిదిది. ఈ మాట కనిపిస్తే నేను డబ్బా తిరిగి అరలో పెట్టేస్తాను. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

మూడోది, అసలు పదార్థం ఎంత? మెగ్నీషియం బిస్‌గ్లైసినేట్ 1,000 మి.గ్రా. అని ఉంటే అందులో మెగ్నీషియం సుమారు 140 మి.గ్రాములే. మిగతాదంతా దానికి అతుక్కుని ఉండే గ్లైసిన్. మెగ్నీషియం ఆక్సైడ్‌లో అయితే బరువులో 60 శాతం మెగ్నీషియమే. కనుక రెండు డబ్బాలను పోల్చేటప్పుడు "ఎలిమెంటల్" అన్న మాట పక్కనున్న అంకెనే చూడాలి. అశ్వగంధ విషయంలోనూ ఇంతే. 300 మి.గ్రా. వేరు పొడి, 300 మి.గ్రా. సారం ఒకటి కావు. సారం అయితే వితనొలైడ్లు, అంటే అశ్వగంధలో పనిచేసే పదార్థాలు, ఎంత శాతమో రాయాలి. 5 శాతం అంటే ఒక మాత్రలో 15 మి.గ్రా. అన్నమాట. ఆ శాతం రాయని సారాన్ని దేనితోనూ పోల్చలేం.

నాలుగోది, మారుపేర్లు. అసిటమినోఫెన్ అంటే పారాసెటమాల్ అని ముందే చెప్పాను. "టార్ట్ చెర్రీ సారం" అన్నచోట కొద్దిపాటి సహజ మెలటోనిన్ ఉంటుంది. "మొక్కల నుంచి తీసిన మెలటోనిన్" అన్నా, ప్రయోగశాలలో చేసిన మెలటోనిన్ అన్నా శరీరానికి ఒకే అణువు. అమెరికా సీసా పేరు చివర "పీఎం" అని ఉంటే అందులో చాలావరకు నొప్పి మందు, దానితోపాటు అలర్జీ మందు ఉంటాయి. మా ఇంటికి వచ్చింది ఆ జాతిదే.

నాలుగో అడుగు: ఒక్కో పదార్థాన్ని విడిగా తూకం వేయండి

మెలటోనిన్. చీకటి పడగానే మెదడులోని పీనియల్ గ్రంథి విడుదల చేసే హార్మోన్ ఇది. ఇది మత్తు మందు కాదు, "రాత్రయింది" అని శరీరానికి కబురు చేరవేసే దూత. అందుకే శరీర గడియారం తప్పినప్పుడు బాగా పనికొస్తుంది. హైదరాబాద్ నుంచి డాలస్ వెళ్లిన అమ్మానాన్నలకు వారం రోజులు పగలు నిద్ర, రాత్రి మెలకువ అవుతుంది కదా, ఆ సందర్భంలో దీనికి మంచి రుజువులున్నాయి. ఐదు లేదా అంతకు మించి కాలమండలాలు దాటినవారికి, చేరుకున్న ఊరి పడక వేళకు 0.5 నుంచి 5 మి.గ్రా. మోతాదు ఉపయోగపడిందని, వైద్య ప్రయోగాలన్నిటినీ కలిపి బేరీజు వేసే కోక్రేన్ సమీక్ష 2002లో తేల్చింది. మామూలు నిద్రలేమికి మాత్రం ఫలితం చిన్నది. 2013లో 19 ప్రయోగాలను కలిపి చూస్తే, నిద్ర పట్టే సమయం సగటున ఏడు నిమిషాలు ముందుకు జరిగింది, మొత్తం నిద్ర ఎనిమిది నిమిషాలు పెరిగింది. ఏడు నిమిషాలు! 10 మి.గ్రా. సీసా కొనేవాళ్లు ఈ అంకెను ఒకసారి గట్టిగా చదువుకోవాలి. శరీరం స్వయంగా తయారుచేసుకునే స్థాయికి 0.3 మి.గ్రా. చాలు. మోతాదు పెంచినంత మాత్రాన నిద్ర ఆ మేరకు పెరగదు, మర్నాటి పొద్దున మందకొడితనం, తలనొప్పి, పీడకలలు పెరగవచ్చు. పెద్దవాళ్లు మొదలుపెడితే 0.5 నుంచి 1 మి.గ్రా.తో, పడకకు గంట, రెండు గంటల ముందు మొదలుపెట్టడం మేలు.

డైఫెన్‌హైడ్రమిన్, డాక్సిలమిన్. విదేశాల్లో నిద్ర మాత్రలుగా అమ్మే అలర్జీ మందులు. మన దగ్గర డైఫెన్‌హైడ్రమిన్ దగ్గు మందుల్లో ఉంటుంది, "దగ్గు మందు తాగితే నిద్ర పడుతుంది" అనే మాట పుట్టింది ఇందువల్లే. కొద్ది రోజుల్లోనే శరీరం అలవాటుపడి మత్తు తగ్గుతుంది, దుష్ప్రభావాలు మాత్రం నిలుస్తాయి: నోరెండడం, మలబద్ధకం, మూత్రం బిగపట్టడం, మసక చూపు, వృద్ధుల్లో అయోమయం, తూలిపడటం. 65 దాటినవారికి తప్పించాల్సిన మందులంటూ అమెరికన్ జేరియాట్రిక్స్ సొసైటీ ప్రకటించే జాబితాలో ఇవి ఉన్నాయి. కొన్ని రకాల గ్లకోమా (కంటి లోపలి ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవారికీ ప్రమాదమే. మా నాన్నగారి సంగతి చూశాక, ఏ ఇంట్లోనైనా పెద్దల చేతికి ఈ మాత్రలు ఇవ్వడం నేను కళ్లారా చూస్తే ఆపకుండా ఉండలేను.

అశ్వగంధ. మన పెన్నేరు గడ్డ. రాయలసీమ మెట్ట పొలాల్లో పండేదే. దాని శాస్త్రీయ నామంలోని "సోమ్నిఫెరా"కు నిద్ర తెచ్చేదని అర్థం. చిన్న చిన్న ప్రయోగాల్లో నిద్ర కొంత మెరుగైనట్టు కనిపించింది, దాన్ని తీసిపారేయను. కానీ "మన ఇంటి మూలిక, ఏం చేస్తుంది" అన్న ధీమా కూడదు. దీన్ని వాడినవారిలో కామెర్లతో కాలేయం దెబ్బతిన్న ఉదంతాలను ఐస్‌లాండ్, అమెరికా వైద్యులతోపాటు మన దేశ వైద్యులు కూడా పత్రికల్లో నమోదు చేశారు. ముందే కాలేయ వ్యాధి ఉన్నవారిలో అది ప్రాణాంతకమైంది. డెన్మార్క్ 2023లో దీని అమ్మకాన్నే నిషేధించింది. థైరాయిడ్ హార్మోన్లను పెంచగలదు. గర్భిణులు వాడకూడదు. ఒక సంగతి లేబుల్‌లో తప్పక వెతకండి: వేరా, ఆకా? వేరుకు బదులు ఆకు వాడొద్దని ఆయుష్ మంత్రిత్వ శాఖ 2021లో తయారీదారులకు సూచించింది. మొక్కలో ఏ భాగమో రాయని డబ్బా వద్దు.

మెగ్నీషియం. నిద్రకు దీని మేలుపై రుజువులు బలహీనం, అయితే మూత్రపిండాలు బాగున్నవారికి ప్రమాదమూ తక్కువే. మాత్రల రూపంలో రోజుకు 350 మి.గ్రా. మించకూడదని అమెరికా హద్దు పెట్టింది, ఐరోపా 250 దగ్గరే ఆపింది. ఆక్సైడ్, సిట్రేట్ రకాలు విరేచనాలు తెస్తాయి. కిడ్నీ పనితీరు తగ్గినవారిలో మెగ్నీషియం బయటకు పోక రక్తంలో పేరుకుంటుంది. రక్త పరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చెప్పే అంకె) ఎక్కువున్నవారు డాక్టరును అడగకుండా ముట్టకూడదు.

ట్రిప్టోఫాన్, 5-హెచ్‌టీపీ. రెండూ శరీరంలో సెరొటోనిన్‌గా, అంటే నరాల మధ్య కబుర్లు మోసే రసాయనంగా మారతాయి. దిగులుకు ఎసిటలోప్రామ్, సెర్ట్రలిన్ వంటివి వాడేవారు, నొప్పికి ట్రామడాల్ వాడేవారు వీటిని కలిపితే సెరొటోనిన్ మితిమీరి జ్వరం, వణుకు, కండరాల బిగింపు, గందరగోళం రావచ్చు. ట్రిప్టోఫాన్‌కు ఇంకో చరిత్ర ఉంది. 1989లో అమెరికాలో దాన్ని వాడిన 1,500 మందికి పైగా కండరాల నొప్పులతో మంచాన పడ్డారు, 30 మందికి పైగా చనిపోయారు. మూలం వెతికితే అది జపాన్‌లోని ఒకే తయారీ సంస్థ సరుకు దగ్గర తేలింది. అందులోకి చేరిన కల్మషం వైపే వేలు చూపింది. పదార్థం పేరు ఒక్కటే చదివితే సరిపోదని, ఎవరు ఎలా తయారుచేశారో కూడా అడగాలని ఆ ఘటన తర్వాతే ప్రపంచానికి గట్టిగా తెలిసొచ్చింది.

తగర, విదేశీ డబ్బాల మీద వలేరియన్. ప్రయోగాల ఫలితాలు ఒకదానికొకటి పొసగవు. ఇతర మత్తు మందులతో కలిస్తే మత్తు రెట్టింపవుతుంది. చామంతి జాతికి చెందిన కామొమైల్ టీ చాలామందికి నిరపాయమే, పుప్పొడి అలర్జీ ఉన్నవారు జాగ్రత్త. కావా అనే పసిఫిక్ దీవుల వేరు ఉన్న సీసా అయితే కొనవద్దు. కాలేయం పాడయ్యే ప్రమాదం ఉందని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2002లోనే హెచ్చరించింది. టీ ఆకులోని థియనిన్‌కు మామూలు మోతాదులో పెద్ద చిక్కులేమీ కనిపించలేదు, నిద్రకు మేలు కూడా అంతంత మాత్రమే.

నిద్ర గమ్మీల్లో తరచుగా బి6 విటమిన్ కలుపుతారు. చాలాకాలం ఎక్కువ మోతాదులో వాడితే కాళ్లూచేతులు తిమ్మిరెక్కే నరాల జబ్బు వస్తుంది. ఐరోపా ఆహార భద్రతా సంస్థ 2023లో దాని రోజువారీ హద్దును 12 మి.గ్రా.కు తగ్గించింది. షుగరు వల్ల తిమ్మిర్లున్నాయని ఇప్పటికే బి కాంప్లెక్స్ వేసుకునేవారు రెండు చోట్ల అంకెలనూ కూడుకోవాలి.

వంటింటి మందులనూ లెక్కలోకి తేవాలి. పాలలో చిటికెడు జాజికాయ పొడి వేరు, చెంచా పొడి వేరు. ఐదు గ్రాములు దాటితే గుండెదడ, వాంతులు, భ్రాంతులు రావచ్చు. గసగసాలకు గింజ పైన అంటుకున్న నల్లమందు పాల వల్ల మార్ఫిన్ జాడ ఉంటుంది. గల్ఫ్ వెళ్లేవారి సంచుల్లో గసగసాలు దొరికితే కేసు పెట్టేది అందుకే. పసిపిల్లలకు నిద్ర కోసం ఈ రెండూ పెట్టకండి.

ఐదో అడుగు: రాసినంత ఉందా?

లేబుల్ పూర్తిగా చదివాక వచ్చే ప్రశ్న ఇది. 2017లో కెనడాలో 31 మెలటోనిన్ ఉత్పత్తులను పరీక్షించారు. రాసినదానికంటే 83 శాతం తక్కువ ఉన్న డబ్బా ఉంది, 478 శాతం ఎక్కువ ఉన్న డబ్బా కూడా ఉంది. ఎనిమిదింటిలో రాయని సెరొటోనిన్ దొరికింది. 2023లో అమెరికాలో 25 గమ్మీ రకాలను పరీక్షిస్తే 22 లేబుళ్లు తప్పని తేలింది. ఒకదాంట్లో మెలటోనిన్ అసలే లేదు.

సీసా మీద యూఎస్‌పీ లేదా ఎన్‌ఎస్‌ఎఫ్ ముద్ర ఉంటే బయటి సంస్థ ఆ సరుకును పరీక్షించిందని అర్థం. అమెరికా నుంచి తెచ్చేవాళ్లను ఆ ముద్ర ఉన్నదే తెమ్మని చెప్పండి. పొట్లంలో కట్టిన విడి గమ్మీలు, లేబుల్ చించేసిన సీసాలు వద్దు. మన దేశంలో కొనేటప్పుడు, ఆ బ్యాచ్ నంబరుకు సంబంధించిన పరీక్ష పత్రం పంపమని సంస్థకు ఈమెయిల్ పెట్టండి. ఇచ్చే సంస్థలున్నాయి. "మా ఉత్పత్తి నూటికి నూరు పాళ్లు సహజం" అన్న జవాబు వస్తే అది మీరు అడిగిన ప్రశ్నకు జవాబు కాదు. గమ్మీ కంటే మాత్ర నయమన్నది నా అభిప్రాయం. చక్కెర ఉండదు, సగానికి విరుచుకోవచ్చు, పిల్లలు మిఠాయి అనుకోరు.

ఆ చివరి కారణాన్ని తేలిగ్గా తీసుకోకండి. అమెరికాలో పిల్లలు మెలటోనిన్ మింగేశారంటూ విష నియంత్రణ కేంద్రాలకు వచ్చిన ఫోన్లు 2012లో 8,337 ఉంటే 2021లో 52,563కు చేరాయి.

ఆరో అడుగు: ఇంటి మందులన్నీ ఒకే కాగితం మీదికి

అన్నిటికంటే ముఖ్యమైన అడుగు ఇదే. ఇంట్లో మందుల డబ్బా తెచ్చి బల్ల మీద బోర్లించండి. ఆ మనిషి వాడే ప్రతి మాత్ర, చుక్కల మందు, చూర్ణం, లేహ్యం, టానిక్కు, అప్పుడప్పుడు వేసుకునే జలుబు మాత్ర సహా, బ్రాండు పేరు కాకుండా లోపలి పదార్థం పేరుతో రాయండి. పక్కన మోతాదు, వేళ. కొత్త సీసాలోని పదార్థాలను అదే కాగితం కింద రాయండి. ఇప్పుడు మూడు విషయాలు వెతకండి.

ఒకే పదార్థం రెండుసార్లు వచ్చిందా? పారాసెటమాల్, బి6, మెగ్నీషియం ఇలా దొరికిపోతాయి. గ్యాస్‌కు వేసుకునే కొన్ని ఆంటాసిడ్లలోనూ మెగ్నీషియం ఉంటుంది.

మత్తు మీద మత్తు పడుతోందా? షుగరు తిమ్మిర్లకు ఇచ్చే ప్రీగాబాలిన్, గాబాపెంటిన్, అమిట్రిప్టిలిన్, జలుబుకు సిట్రజిన్, ఆందోళనకు క్లోనాజెపామ్, పొద్దుపోయాక ఒక పెగ్గు. వీటిలో ఏది ఉన్నా నిద్ర సప్లిమెంట్ తోడైతే రాత్రి బాత్రూముకు లేచినప్పుడు పడిపోయే ప్రమాదం పెరుగుతుంది. పెద్దల్లో తుంటి ఎముక విరగడానికి అంతకు మించిన కారణం అక్కర్లేదు.

ఒకటి మరొకదాని పని చెడగొడుతోందా? రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవారికి మెలటోనిన్, కామొమైల్ రక్తస్రావం ముప్పును పెంచవచ్చు. దిగులుకు ఇచ్చే ఫ్లువోక్సమిన్ మాత్ర మెలటోనిన్‌ను శరీరంలో ఎన్నో రెట్లు పెంచేస్తుంది. బీపీకి నిఫెడిపిన్ వాడేవారిలో మెలటోనిన్ బీపీని పెంచిన దాఖలా ఉంది. పొద్దున్నే వేసుకునే థైరాయిడ్ మాత్రకు, మెగ్నీషియానికి మధ్య నాలుగు గంటలైనా ఎడం ఉండాలి. సిప్రోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్ వంటి యాంటీబయాటిక్స్‌ను కూడా మెగ్నీషియం ఒంటికి పట్టనీయదు. అశ్వగంధ షుగరును, బీపీని ఇంకాస్త తగ్గించగలదు, అందువల్ల మాత్రల మోతాదు లెక్క తప్పుతుంది. అవయవ మార్పిడి చేయించుకుని రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు అశ్వగంధకు, మెలటోనిన్‌కు దూరంగా ఉండాలి.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, మూర్ఛ వ్యాధి ఉన్నవారు, కాలేయం లేదా కిడ్నీ జబ్బు ఉన్నవారు, పిల్లలు: వీళ్లకు ఈ కాగితం సరిపోదు, డాక్టరు మాటే కావాలి.

ఈ కాగితాన్ని మందుల దుకాణంలోని ఫార్మసిస్టుకు చూపించండి. రద్దీ లేని వేళ, మధ్యాహ్నం మూడు గంటలకు వెళ్తే ఓపికగా చూస్తారు. మా ఇంట్లో ఇప్పుడు ఈ కాగితం మందుల డబ్బా మూత లోపల అతికించి ఉంది. తమ్ముడు ఈసారి ఏ సీసా తెచ్చినా, మూత తీయకముందే దాని పేరు అందులోకి ఎక్కాలి.

ఇంకో హెచ్చరిక. ఏళ్ల తరబడి అల్ప్రాజోలం, క్లోనాజెపామ్ వేసుకుంటున్నవారు "ఇకపై సహజమైనవి వాడతాను" అని ఒక్కరాత్రిలో మానేయకూడదు. మూర్ఛలు రావచ్చు. వాటిని డాక్టరు పర్యవేక్షణలో వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలి.

ఏడో అడుగు: వాడి చూడాలనుకుంటే

ఒకసారి ఒకే పదార్థం. పది పదార్థాల గమ్మీ వేసుకుని నిద్ర పట్టినా, ఒళ్లు దద్దురెక్కినా దేనివల్లో ఎప్పటికీ తెలియదు. అతి తక్కువ మోతాదుతో, మర్నాడు బండి నడిపే పని లేని రోజున మొదలుపెట్టండి. మొదటి రాత్రి ఇంట్లో ఇంకొకరు ఉండాలి. మద్యం వద్దు.

మొదలుపెట్టే ముందు వారం, మొదలుపెట్టాక రెండు వారాలు నోటు పుస్తకంలో రాయండి: దీపం ఆర్పిన వేళ, సుమారుగా నిద్ర పట్టిన వేళ, మెలకువలు, లేచిన వేళ, పొద్దున మగత. మూడు వారాల కాగితాలు పక్కపక్కన పెట్టి చూడండి. తేడా లేకపోతే ఆపేయండి, మోతాదు పెంచకండి. తేడా కనిపించినా నెలల తరబడి కొనసాగించే నిర్ణయం ఒంటరిగా తీసుకోవద్దు. అమెరికన్ నిద్ర వైద్యుల అకాడమీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాల్లో దీర్ఘకాలిక నిద్రలేమికి మెలటోనిన్, వలేరియన్, ట్రిప్టోఫాన్, డైఫెన్‌హైడ్రమిన్ ఈ నాలుగింటినీ వాడవద్దనే సూచించారు.

ఎనిమిదో అడుగు: తేడా చేస్తే

కళ్లు పచ్చబడటం, మూత్రం ముదురు రంగులో రావడం, ఒళ్లంతా దురద, తినబుద్ధి కాకపోవడం కాలేయం పంపే కబుర్లు. మాత్ర వెంటనే ఆపి కాలేయ పరీక్ష చేయించాలి. మూత్రం ఆగినా, మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, లేపినా లేవకపోయినా, ముఖం వాచి ఊపిరి ఆడకపోయినా 108కి ఫోను చేయండి. పిల్లలు ఎన్ని గమ్మీలు తిన్నారో తెలియకపోతే నిద్రపోనిచ్చి చూద్దామనుకోకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. అమెరికాలో ఉన్నవారికి విష నియంత్రణ కేంద్రం నంబరు 1-800-222-1222.

ఆసుపత్రికి వెళ్లేటప్పుడు సీసాను, ఆ కాగితాన్ని చేతిలో పట్టుకెళ్లండి. "మందులేమైనా వాడారా?" అని అడిగితే నిద్ర మాత్ర, గమ్మీ, చూర్ణం, దగ్గు మందు అన్నీ చెప్పండి. మనిషి కోలుకున్నాక సీసా పారేయకండి. బ్యాచ్ నంబరు, తయారీ తేదీ కనిపించేలా ఫోటో తీసి, మిగిలిన మాత్రలను అందులోనే ఉంచి, భారత ఔషధ నిఘా కార్యక్రమం ఉచిత నంబరు 1800-180-3024కు ఫోను చేసి జరిగింది చెప్పండి. రోగి గాని, ఇంట్లోవాళ్లు గాని నేరుగా చెప్పవచ్చు, డాక్టరు ద్వారానే వెళ్లాలన్న నియమం లేదు. ఆహార లైసెన్సు ఉన్న సప్లిమెంట్ అయితే ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ వారి ఫుడ్ సేఫ్టీ కనెక్ట్ యాప్‌లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు.